నిశ్చింత మృగవనంలో అందరూ క్షేమం

“ఈ రోజు మొదలుకొని కోలారు జిల్లాలో ఏ ఒక్క కృష్ణజింక కూడా దిగులు పడడానికి వీల్లేదు!” అని జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి నంజుండప్పగారు కె.జి.ఎఫ్. మైదానంలో మైకు పట్టుకుని ప్రకటించారు.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో సగం మంది గనులు మూతపడ్డాక తాము కాపురముంటున్న కంపెనీ క్వార్టర్లకు పట్టాలెప్పుడిస్తారని అడగడానికి వచ్చినవాళ్లు. మిగతా సగం నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడగడానికి వచ్చినవాళ్లు. మేకా గొర్రే కాని అడవి జింక దిగులు పట్టించుకున్న మహానుభావుడు మన దిగులు పట్టించుకోడా అని అందరికీ ధైర్యం కలిగింది. మంత్రిగారు ఆ ధైర్యాన్ని చెడగొట్టకుండా, ఎవరి ప్రశ్నా వినకుండా కారెక్కి వెళ్లిపోయారు.

వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్న గుండూరావు మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయాడు. ఎందుకంటే ఆ జింకలన్నీ ఆయన చేతికింద ఉన్నాయి. బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వెనక, గని నడిచిన కాలంలో దొరలు గుర్రాలు తోలిన బయలు చుట్టూ ఎత్తుగా ఇనుప కంచె వేసి, చుట్టుపక్కల రాగి చేలల్లో మేస్తున్న కృష్ణజింకల్ని పట్టి తెచ్చి అందులో వదిలారు. దానికి ‘నిశ్చింత కృష్ణమృగ వనం’ అని పేరు పెట్టారు. దానికి సూపరింటెండెంటు గుండూరావు. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. సర్వీసంతా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదు గనక ఏ తప్పూ చేయలేదు. ఇంత మచ్చలేని అధికారి ఆ డిపార్టుమెంటులో మరొకరు లేరు.

మైదానంలో కారెక్కిన మంత్రిగారు నేరుగా వనం చూడడానికి వచ్చారు. వెంట పార్టీవాళ్లు, పలకలు వాయించేవాళ్లు, టపాకాయలవాళ్లు, మంత్రిగారి పి.ఏ. గిరీశ్. జింకల దిగులు కొలవడానికి వచ్చిన పశువుల డాక్టరు సుప్రీత గేటు దగ్గర నిలబడి ఉంది.

“జింకకు దిగులుండాదని ఎట్ల కనుక్కుంటావమ్మా? అది నోరు తెరిచి చెప్పదు గదా,” అన్నారు మంత్రిగారు.

“దాని పెంటికల్ని బట్టి సార్,” అంది సుప్రీత. “భయపడితే ఒంట్లో ఒక హార్మోను పెరుగుతుంది. అది మర్నాటి పెంటికల్లో తెలిసిపోతుంది. తాజావి ఏరి, ఐసులో పెట్టి బెంగళూరు ల్యాబుకు పంపితే చాలు. సూదక్కర్లేదు, వలక్కర్లేదు. జంతువును ముట్టుకోం, దగ్గరికి పోం. నాన్-ఇన్వేజివ్ మానిటరింగ్ అంటారు.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “ముట్టుకోకుండా, అడక్కుండా, దగ్గరికే పోకుండా బాధ తెలుసుకునేది! మేము జనాలకు ఇన్నేండ్లుగా చేస్తా ఉండేది ఇదే గదమ్మా! పేరు తెలీకపాయె. గిరీశా, రాసుకో అప్పా.”

గిరీశ్ రాసుకున్నాడు.

మంత్రిగారు గుండూరావు భుజం మీద చెయ్యి వేశారు. “విదేశాల నుంచి ఒక సంస్థోళ్లు సర్టిఫికెట్ ఇస్తారంట. దిగులుంటే రిపోర్టు ఎర్రగా వస్తుందంట, లేకుంటే పచ్చగా. మనకు పచ్చగా రావల్ల. మూడుతూర్లు చూస్తాను. మూడోతూరి గూడా ఎర్రగా వచ్చిందంటే నువ్వు సస్పెండు. ఇంగ పెన్షను సంగతి మరిచిపో.” ఆ మాట నవ్వుతూనే అన్నారు. పెద్దల సంస్కారం అట్లా ఉంటుంది.

ఆ తర్వాత పలకలు మోగాయి, టపాకాయలు పేలాయి. మంత్రిగారు పూలమాల పట్టుకుని కంచె లోపలికి వెళ్లారు. మందకు పెద్దయిన మగజింక ఆ మాల చూసి గాల్లోకి ఎగిరి, కంచెకు గుద్దుకుని, కొమ్ము విరగ్గొట్టుకుని కూలబడింది. మర్నాడు పేపర్లో ‘మంత్రి ముందు మోకరిల్లిన కృష్ణజింక’ అని ఫొటో వచ్చింది.

మొదటి రిపోర్టు ఎర్రగా వచ్చింది.

కారణం తెలుసుకోవడానికి వెంటనే కమిటీ వేశారు. అందులో ఒక రిటైర్డు తహసీల్దారు, ఒక వాస్తు పండితుడు, మంత్రిగారి బావమరిది. జంతువుల గురించి తెలిసినవాళ్లుంటే పక్షపాతం వస్తుందని సుప్రీతను వేయలేదు. కమిటీ వనం చుట్టూ జీపులో తిరిగి, హారను కొట్టుకుంటూ క్షుణ్ణంగా పరిశీలించింది. జింకల దిగులుకు మూల కారణం కంచె పక్కన పొలం చేసుకుంటున్న దాసప్ప ఇంట్లో కుక్కరు కూత అని తేల్చింది. పక్క రోడ్డు మీద నరసాపురం ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకెళ్లే బస్సుల చప్పుడు కూడా కారణమే గానీ, దాన్ని ఆపితే పెట్టుబడులు ఆగిపోతాయి. కుక్కరు ఆగితే అటువంటి ప్రమాదమేమీ లేదు.

ఆర్డరు పట్టుకుని గుండూరావు స్వయంగా దాసప్ప ఇంటికి వెళ్లాడు. దాసప్ప భార్య పిల్లమ్మ వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది.

“కుక్కరు కూత పెట్టకూడదమ్మా. గవర్నమెంటు ఆర్డరు.”

“దానికి నోరు జాస్తి సార్. నేను ఊరికే ఉండమంటే ఉండదు. మీరే లోపలికొచ్చి ఒక మాట చెప్పిపోండి. ఆఫీసర్లంటే భయపడుతుందేమో.”

గుండూరావు కుక్కరుకు చెప్పలేదు. ఆర్డరును మాత్రం గోడకు అంటించి వచ్చాడు.

ఇంకా చాలా చర్యలు తీసుకున్నారు. జింకల మనసు కుదుటపడడానికి కంచె స్తంభాలకు స్పీకర్లు కట్టి పగలంతా వీణ వినిపించారు. పెళ్లిళ్ల సౌండు సర్వీసువాడు తెచ్చిన స్పీకర్లు అవి. వాటిలో వీణ కూడా బ్యాండు మేళంలాగే వినిపించేది. కురుడుమలె వినాయకుడి గుడిలో జింకల పేరిట హోమం చేయించారు. సంకల్పం చెప్తూ పూజారిగారు గోత్రమడిగారు. గుండూరావు ఫైలు తిరగేశాడు, అందులో లేదు. తెలియనివాళ్లందరిదీ కాశ్యప గోత్రమే గదా అని పూజారిగారే కానిచ్చేశారు. నక్షత్రం అడిగితే గిరీశ్ తడుముకోకుండా “మృగశిర” అన్నాడు. అంత సమయస్ఫూర్తి గలవాడు గనకే పి.ఏ. అయ్యాడు. హోమం ప్రసాదం జింకలకు తానే తినిపిస్తానని మంత్రిగారు మళ్లీ వచ్చారు. ఈసారి పలకలు రెండింతలు.

రెండో రిపోర్టు మొదటిదాని కంటే ఎర్రగా వచ్చింది.

“సార్, ఒక్క మాట,” అంది సుప్రీత, గుండూరావు గదిలో గిరీశ్ కూర్చుని ఉండగా. “ఖర్చు లేని మందు ఉంది. మనుషులు లోపలికి పోకుండా ఉంటే చాలు. రెండుసార్లూ హార్మోను పెరిగింది ఫంక్షను జరిగిన మర్నాడే.”

గిరీశ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అంటే మంత్రిగారి వల్లే దిగులంటారా మేడమ్?”

“మనుషుల వల్ల అంటున్నాను.”

“మంత్రిగారు మనిషి కాదా?”

సుప్రీత ల్యాబు కాగితం ఇంకోసారి చూసింది. “దాని గురించి ల్యాబు ఏమీ చెప్పలేదండీ,” అంది.

ఆ వారంలోనే సుప్రీతకు ఉన్నత శిక్షణ కోసమని దూరపు జిల్లాలో కోళ్ల ఫారానికి ఉత్తర్వులొచ్చాయి. ప్రతిభను గుర్తించడంలో ఆ ప్రభుత్వం ఎన్నడూ ఆలస్యం చేయలేదు.

ఇక మిగిలింది మూడో రిపోర్టు, దానికింద గుండూరావు పెన్షను. ఆయనకు అన్నం సహించడం మానేసింది. భార్య కుముద బి.ఎస్సీ. జువాలజీ చదివి వంటింట్లో స్థిరపడిన మనిషి. ఆయన కంచంలో చారన్నం అట్లాగే ఉండిపోవడం చూసి, “జింకలదేమో గానీ, మీది పంపిస్తే ల్యాబువాళ్ల మిషను పగిలిపోతుంది,” అంది.

“ఎగతాళి చేయొద్దే. అవి దిగులు పడకుండా ఉండవు. నేను సస్పెండు కాకుండా ఉండను.”

“జింకలు దిగులు పడకూడదని ఎవరన్నారు? పంపేవి దిగులు పడకుండా ఉంటే చాలు గదా,” అంటూ ఆమె కంచం తీసుకుని వెళ్లిపోయింది. ఆమె ఏ ఉద్దేశంతో అందో గానీ, గుండూరావు మాత్రం జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయం తీసుకున్నాడు.

మర్నాడు పిల్లమ్మ మేకలు తుమ్మచెట్టు కింద పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి ముఖాల్లో ఉన్న ప్రశాంతత గుండూరావు ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ చూడలేదు. కింద నల్లపూసల్లా పెంటికలు. జింకలవీ ఇట్లాగే ఉంటాయి. పక్కపక్కన పెడితే డిపార్టుమెంటు డైరెక్టరుగారు కూడా తేడా చెప్పలేరు.

“అమ్మా పిల్లమ్మా, ఇవి కొంచెం ఏరుకుంటాను.”

“పెంటికలా సార్? యాడికి?”

“బెంగళూరికి.”

పిల్లమ్మ బుగ్గన వేలేసుకుంది. “ఇయ్యి గూడా లేకుండా పోయినాయా సార్ బెంగుళూర్లో? ఏరుకోండి. మీ ఇంట్లో గులాబీ చెట్లకనుకుంటిని.”

“నీ మేకలకు దిగులేమన్నా ఉందా?”

“వాటికేం దిగులు సార్? పట్టా అడగవు, బోరులో నీళ్లు లేవని ఏడవవు. దిగులంతా వాటిని మేపేదానికే ఉండాది. నాది గావల్లంటే చెప్పండి.”

గుండూరావు వద్దన్నాడు.

మూడో రిపోర్టు పచ్చగా వచ్చింది. మామూలు పచ్చ కాదు. బోనులో ఉన్న జింకల్లో ఇంత ప్రశాంతత తామెన్నడూ చూడలేదని ల్యాబువాళ్లు ప్రత్యేకంగా అభినందనలు తెలిపారు. సర్టిఫికెట్ వచ్చింది. మంత్రిగారికి పట్టుశాలువా కప్పారు. గుండూరావుకు నూలుశాలువా కప్పారు. ఇంత ప్రశాంతతను ఎవరూ చెడగొట్టకూడదని ఇకమీదట వనంలోకి ఎవరూ అడుగు పెట్టరాదని ఉత్తర్వు కూడా వేశారు. ఆ ఉత్తర్వు వేసిన సందర్భంగా లోపల సభ జరిగింది.

ఇంత బాగా నడుస్తుండగా, బెంగళూరులో ప్రభుత్వానికి ఒంట్లో బాగా లేకపోయింది. అవతలి పార్టీవాళ్లు ఎమ్మెల్యేల కోసం వల వేశారనీ, వారంలో బలపరీక్ష ఉంటుందనీ వార్తలొచ్చాయి. అటువంటప్పుడు ఎమ్మెల్యేలను రిసార్టులో పెట్టి, ఫోన్లు తీసుకుని, గేటుకు తాళం వేయడం మన ప్రజాస్వామ్యంలో ఆచారం. ఏ రిసార్టు అనే చర్చ వచ్చినప్పుడు నంజుండప్పగారు లేచి నిలబడ్డారు.

“రిసార్టులకు దండగ ఖర్చెందుకన్నా? రాజ్యంలోకెల్లా ప్రశాంతమైన జాగా అని సర్టిఫికెట్ ఉండేది మాదే. ఎగిరినా దాటలేని కంచె ఉండాది. దొరల బంగళా ఉండాది. తోలుకొచ్చేస్తాము.”

అట్లా ఎమ్మెల్యేలందరూ బస్సులో నిశ్చింత వనానికి వచ్చారు. ఒక పక్క జింకలు, ఒక పక్క శాసనసభ్యులు, మధ్యలో ఒక తీగ. వాళ్లను కాయడానికి పార్టీ కార్యదర్శి ముత్యాలప్పగారు బెంగళూరు నుంచి వచ్చి, గేటు తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

మర్నాడు పొద్దున గుండూరావును బంగళాకు పిలిపించారు. ముత్యాలప్పగారు వరండాలో ఇడ్లీ తింటున్నారు. పక్కన నంజుండప్పగారు.

“వీళ్లలో దూకేదానికి ఎవరు రెడీగా ఉండారో తెలుసుకోవల్ల,” అన్నారు ముత్యాలప్పగారు. “దూకేవాడికి లోపల దిగులుంటుంది. కానీ అడిగితే అబద్ధం చెప్తారు. ముట్టుకుంటే అలుగుతారు.”

“అడక్కుండా, ముట్టుకోకుండా తెలుసుకునే టెక్నాలజీ మా దగ్గరుండాదన్నా,” అని నంజుండప్పగారు గుండూరావును చూపించారు.

గుండూరావుకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఇడ్లీ పళ్లెం దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు. “సార్… అది జింకలకు గదా సార్.”

“నోరు లేని జింకలకే పని చేసినప్పుడు వీళ్లకు చేయదా?” అన్నారు నంజుండప్పగారు. “రేపు పొద్దున అందరివీ డబ్బాల్లో, పేర్లు రాసి, ల్యాబుకు పోవల్ల. మాదిరిగా ఉండేదానికి మొదటి డబ్బా నాదే. కాలేదంటే సస్పెండు. పాత ఆర్డరు రాసి పెట్టే ఉండాది, తేదీ వేయడమొకటే బాకీ.”

ఆ రాత్రి సంగతి విన్న కుముద చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడింది. “మన పెళ్లిలో మీవాళ్లు గెజిటెడ్ ఆఫీసరని చెప్పారండీ,” అని మాత్రం అంది.

తెల్లవారగానే గుండూరావు తెల్ల డబ్బాలు పెట్టిన తట్ట పట్టుకుని బంగళా వెనక స్నానాల గదుల వరుస ముందు నిలబడ్డాడు. చదువుకున్నవాడు గనక పక్కకు తిరిగి నిలబడ్డాడు. అన్నిటికంటే ముందు బయటికొచ్చిన మునిశామప్ప అనే సీనియర్ ఎమ్మెల్యే ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఏందప్పా ఇది?”

“శాంపిలు సార్. మీ మనసులో దిగులేమన్నా ఉందేమోనని.”

“ఐదుతూర్లు గెలిచినాను. నాకు ఓటేసినోడు గూడా ఇంత లోతుగా నన్ను అడగలేదు. పో, పోయి మీ మంత్రిని ముందు పంపించు.”

మంత్రిగారు మాట ఇచ్చారే గానీ, ఆ పొద్దున మలబద్ధకమని కబురు పంపారు. మిగతావాళ్లు తలుపులు లోపల గడియ వేసుకుని, కుళాయిలు విప్పి, దేశభక్తి గీతాలు పాడుకున్నారు. ఎండెక్కే వేళకు గుండూరావు తట్టలో డబ్బాలన్నీ ఖాళీ. బెంగళూరుకు పోవాల్సిన ఐసుపెట్టె జీపులో కరుగుతోంది.

ఆయన కాళ్లు వాటంతటవే తుమ్మచెట్టు దారి పట్టాయి.

“ఈతూరి జాస్తి గావల్లనా సార్?” అంది పిల్లమ్మ డబ్బాలు చూసి.

“మనిషికొక డబ్బా అమ్మా.”

“మనిషికా?”

“మేకకు,” అన్నాడు గుండూరావు. ఒక్కో డబ్బాలో ఇన్ని పెంటికలు వేసి, దాని మీద గౌరవనీయులైన ఒక్కో సభ్యుడి పేరు నీటుగా రాశాడు. నంజుండప్పగారి డబ్బాకు మాత్రం, మంత్రి పదవిని గౌరవించి, మందలోకెల్లా కొమ్ములు పెద్దగా ఉన్న పోతు దగ్గర ఏరాడు.

రిపోర్టు మూడో పూటకే వచ్చింది. గిరీశ్ వరండాలో నిలబడి అందరి ముందూ గట్టిగా చదివాడు. ఒక్కరికీ దిగులు లేదు. అందరి మనసులూ నిర్మలం. అందరిలోకీ నంజుండప్పగారి మనసు మరీ నిర్మలం. ఆహారంలో ఆకులు, తుమ్మకాయలు బాగా ఉన్నాయి, ఇదే కొనసాగించండి అని కింద ఒక సలహా.

ముందురోజు రాత్రి బిర్యానీ తిన్న ముత్యాలప్పగారు తల గోక్కున్నారు. “తుమ్మకాయలు యాడ తిన్నారప్పా వీళ్లు?”

“ఆర్గానిక్ సార్,” అన్నాడు గిరీశ్.

అది విని నంజుండప్పగారు కండువా సర్దుకున్నారు. “చూసినావా అన్నా! దిగుల్లేదని సైన్సే చెప్తా ఉంటే గేటుకు బీగమెందుకు? నాలుగు దినాలుగా పాపం గాలి లేదు వీళ్లకు. కురుడుమలె పోయి వినాయకుడికి దండం పెట్టుకుని సాయంత్రానికంతా వచ్చేస్తాము. నేనుండా గదా వెంట.”

ముత్యాలప్పగారు రిపోర్టు ఇంకోసారి చూశారు. అంతా పచ్చగా ఉంది. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చారు.

బస్సు ముళబాగిలు దాకా బాగానే వెళ్లింది. అక్కడ కురుడుమలెకు ఎడమకు తిరగాలి. డ్రైవరు తిరగలేదు. నేరుగా నంగలి దాటి, ఆంధ్రలోకి ప్రవేశించి, అక్కడ అవతలి పార్టీవాళ్లు తీసిపెట్టిన రిసార్టు ముందు ఆగింది. బస్సు దిగుతూ మునిశామప్ప, “ఇక్కడ డబ్బాలు లేవు గదా?” అని ఒక్కటే ప్రశ్న వేశాడని అంటారు.

బలపరీక్షలో ప్రభుత్వం పడిపోయింది.

గుండూరావు ఆఫీసు బల్ల సొరుగులోంచి తన సొంత పెన్ను, దేవుడి పటం, నూలుశాలువా తీసి సంచిలో పెట్టుకున్నాడు. సస్పెన్షను ఆర్డరు మీద తేదీ వేయడమొకటే మిగిలిందని ఆయనకు తెలుసు. ఇంటికి ఫోన్ చేశాడు.

“వస్తున్నానే. అయిపోయింది.”

“పాలు తీసుకురండి. కాఫీకి లేవు,” అంది కుముద.

సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికి గేట్లోంచి సైరను మోగించుకుంటూ కార్లు లోపలికొచ్చాయి. మొదటి కారులోంచి జిల్లా కొత్త ఇన్‌ఛార్జి మంత్రిగారు దిగారు. కండువా రంగు మారింది. మనిషి నంజుండప్పగారే. వెనక గిరీశ్ కూడా కొత్త కండువాతో దిగాడు.

మంత్రిగారు వచ్చి గుండూరావును గట్టిగా కౌగిలించుకున్నారు. “నీ రిపోర్టు లేకుంటే ఆ ముత్యాలప్ప బీగం తీసేవాడా అప్పా! సర్కారునే మార్చినావు నువ్వు. రిటైర్మెంటు లేదు, గిటైర్మెంటు లేదు. ఎక్స్‌టెన్షను ఇప్పించినాను. రేపు విదేశాలోళ్లు మళ్లీ వస్తారు. పోయిన నెల రిపోర్టు ఎట్లుండాది?”

“పచ్చగా ఉంది సార్. ఎప్పటికంటే పచ్చగా.”

మంత్రిగారు సంతోషంగా కంచె వైపు నడిచారు. బస్సు కోసం ఆ రోజు తెరిచిన గేటును మళ్లీ మూయమని ఎవరూ ఆర్డరివ్వలేదు. ఆర్డరు లేకుండా గుండూరావు ఏ పనీ చేయడు. మధ్యలో ఉన్న తీగ బస్సు రివర్సు తీసుకున్నప్పుడే తెగిపోయింది. బయలంతా మోకాలెత్తు గడ్డి గాలికి ఊగుతోంది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

“జింకలు యాడ కనబడవే?”

“చాలా ప్రశాంతంగా ఉన్నాయి సార్.”

“నువ్వు చూసినావా?”

“చూడకూడదు సార్. నాన్-ఇన్వేజివ్.”

“అద్దీ!” అని మంత్రిగారు ఆ గడ్డికి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఫొటో తీయమని గిరీశ్ సైగ చేశాడు. పలకలు మోగాయి.